అంకుల్ గారి ఆట బోర్డు

పక్కింటి అంకుల్ పోయారు. ఆ రోజు పొద్దున్నే ఆంటీ ఫోన్ చేసి, "నిద్రలోనే వెళ్లిపోయారమ్మా" అన్నారు. కోవిడ్ రూల్స్ వల్ల అంత్యక్రియలకు అతి కొద్దిమందినే రానిచ్చారు. పక్క గోడ ఇవతలే ఉండి కూడా నేను ల్యాప్‌టాప్‌లో చూసి ఏడ్చాను. వారం తిరక్కుండానే ఆ ఏడుపు కాస్తా కోపమైంది. ఎందుకో చెబుతాను.

లాక్‌డౌన్ మొదట్లో నా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం ఊడింది. ఐర్లండ్‌లో ఈ డ్రోహెడా ఊళ్లో తలుపేసుకుని కూర్చున్న నన్ను గోడ మీంచి పిలిచింది ఆయనే. బెజవాడ మనిషి. ఈ దేశంలోనే షానన్ అనే ఊళ్లో ఫ్యాక్టరీ మెషీన్లు బాగుచేసి, రిటైరై ఇక్కడికొచ్చారు. సముద్రం ఒడ్డున మూతపడిన ఆటల హాలు నుంచి తెచ్చిన పాత వీడియో గేమ్ సర్క్యూట్ బోర్డు ఆయన గరాజ్‌లో ఉండేది. "నాకు చూపానట్లేదు. నువ్వు చెయ్యమ్మా, నేను చెబుతా" అని షట్టరెత్తి, తాను బయట స్టూలు మీద కూర్చునేవారు.

బోర్డు ముట్టుకునే ముందు కళ్లకద్దుకోమనేవారు. కరెంటుంటే లైటు వెలిగే సూదిలాంటి ప్రోబ్ ఆనిస్తే, వెలగని కాలు ఏ చిప్‌దో కనిపెట్టి, దాన్ని ఊడదీసి, కాలు గీకి మళ్లీ గుచ్చితే ఆట లేచి కూర్చునేది. "గ్రాండ్!" అని చప్పట్లు కొట్టేవారు. మర్నాటికి ఇంకేదో పోయేది. "పాత సరుకమ్మా, ఇంతే. కానీ బోర్డు అబద్ధం చెప్పదు, వినేవాళ్లుండాలి" అనేవారు. దొరికిన ప్రతి తప్పుతోనూ నాకు పోయిన ధైర్యం కాస్త తిరిగొచ్చేది. ఆ ధైర్యంతోనే ఒక రిపేరు షాపులో ఉద్యోగానికి అప్లై చేశాను. వచ్చే సోమవారం చెడిన బోర్డు ఒకటిచ్చి బాగుచెయ్యమంటారట.

మొన్న ఆంటీ ఆ ఆట బోర్డు నాకివ్వడానికొచ్చి, మాస్కు వెనక నవ్వుతూ చెప్పేశారు. "ఇది ఎప్పుడో బాగైందమ్మా. నువ్వొచ్చే ముందు ఏదో ఒక చిప్ కాలికి నా రంగులేని నెయిల్ పాలిష్ పూసి ఆరబెట్టేవారు. కరెంటు పారదుగా! 'ఆ పిల్ల ఇంట్లోంచి కదలాలంటే ఓ పనుండాలి కదే' అనేవారు."

నాకు నవ్వు రాలేదు. ఒళ్లు మండిపోయింది. ఇన్నాళ్లూ నేను గీకింది తుప్పు కాదు, ఆంటీ నెయిల్ పాలిష్! చిన్నపిల్లలతో ఆడుతూ కావాలని ఓడిపోతారే, అలా నన్ను గెలిపించారు. దయేనని నాకూ తెలుసు. ఆ గరాజే లేకపోతే ఆ రోజులు ఎలా గడిచేవో కూడా తెలుసు. అయినా దయతో చేసినా మోసం మోసమే. నాకు పని వచ్చో రాదో ఇప్పుడెవరు చెబుతారు? బతికుంటే గోడ దగ్గర నిలబెట్టి కడిగేసేదాన్ని. ఆ అవకాశమూ ఇవ్వకుండా జారుకున్నారు.

నిన్న మధ్యాహ్నం బోర్డును టేబుల్ మీద పెట్టి, పాత టీవీకి కలిపి కరెంటిచ్చాను. తెరంతా గళ్లు గళ్లుగా చెత్త. కరెంటు ఆపి, చిప్‌లన్నీ ఊడదీసి చూశాను. ప్రతి కాలూ శుభ్రంగా ఉంది, ఎక్కడా పాలిష్ లేదు. అన్నీ గుచ్చి మళ్లీ కరెంటిచ్చినా అవే గళ్లు. ఇది నిజంగానే చెడిపోయింది. ఎక్కడ పోయిందో తెలిసినవాళ్లు ఈసారి ఎవరూ లేరు.

"ఒక్క కాలికైనా పూసి పోకూడదా అంకుల్!" అని పైకే తిట్టాను. తెర మీద గళ్లు అలాగే వణుకుతున్నాయి. కళ్లు తుడుచుకుని, మొదటి చిప్ మీద ప్రోబ్ ఆనించాను.