ఒకటి తర్వాత ఏడు

జెర్సీ సిటీ ఆఫీస్‌లో మా టీమ్‌కి టెస్టింగ్ చేసే తైవాన్ నుంచి వచ్చిన ఒకావిడ ఉండేది. మేం చేసిన పుస్తకాల యాప్‌లో చైనీస్ అంకెలు వేసిన అధ్యాయాలు ఒకటి తర్వాత ఏడు, ఆ తర్వాత మూడు వచ్చేవి. కంప్యూటర్‌కి అవి అంకెలని తెలీదు, ఒక్కో అక్షరానికి లోపల ఉండే కోడ్ నంబర్ వరసలో పేర్చేస్తుంది. మేనేజర్ ఆ బగ్ సరిచేయించకుండానే క్లోజ్ చేసినప్పుడల్లా ఆవిడ నిట్టూర్చి, కళ్ళజోడు తుడుచుకుని, మళ్ళీ ఓపెన్ చేసేది.

"అసలివి ఎవరు చదువుతారు?" అన్నాడాయన ఒకరోజు విసుగ్గా.

"మా అమ్మ. కథ అర్థం కావట్లేదు, నాకు మతి పోతోందని ఏడుస్తోంది. తప్పు యాప్‌దంటే నమ్మట్లేదు."

ఆ వారమే సరిచేశాం. "అమ్మగారు చదువుతున్నారా?" అని అడిగాను.

"లేదు, ఇక ఫోన్ ముట్టనంటోంది." ఆవిడ కళ్ళు నులుముకుంది. "ఇంటికెళ్ళి నేనే చదివి వినిపిస్తున్నా. మధ్యలో నిద్రపోయేది మాత్రం నేనే."