చాటెడు తవుడుకు అమ్మిన తమ్ముడు

మొన్న జహీరాబాద్ దాటాక చాయ్ కోసం రోడ్డు పక్కన ఆగితే, బొంబాయి వైపు పోయే లారీ ఒకటి నిండా అల్లం వేసుకుని నిలబడి ఉంది. పొద్దున్నే తవ్వి, కడగకుండా, అంటిన ఎర్రమట్టితోనే గోనెసంచుల్లో కుక్కిన పచ్చి అల్లం. ఆ ఘాటుకు ఎవరికైనా నిద్రమత్తు వదులుతుంది, నాకు మాత్రం ఆవలింత వచ్చింది. గ్లాసు చేతిలో పట్టుకుని నిలబడే కునుకు తీయబోయాను. ఇందులో వింతేమీ లేదు. దాదాపు ఏడేళ్ళు వచ్చేదాకా నేను ఆ వాసనలోనే పడుకున్నాను, అమ్మకూ నాయనకూ నడుమ, మా పట్టెమంచం మీద.

మా నాయన అల్లం, బెల్లం వ్యాపారం చేసేవాడు. న్యాల్‌కల్ వైపూ రాయికోడ్ వైపూ ఊళ్ళు తిరిగి, రైతుల దగ్గర కొని, ఎడ్లబండ్ల మీద తెచ్చి బొంబాయి సడక్ మీద లారీలకు ఎక్కించేవాడు. లారీ దొరకని రోజుల్లో సరుకంతా మా ఇంట్లోనే. వంటింట్లో అల్లం, దేవుడి గూటి కింద అల్లం, మంచం కింద అల్లం. జలుబు మా వాకిలి దాకా వచ్చి, తనే రెండు తుమ్ములు తుమ్మి వెనక్కి పోయేదని నేను బడిలో చెప్పేదాన్ని. మంచం సంగతి ఇంకా పెద్దగా చెప్పేదాన్ని. మా తాత ఏడు టేకు దుంగలు కొట్టించి దాన్ని చేయించాడని, ఈ చివర పడుకున్నవాడికి కోడి కూసినా ఆ చివర పడుకున్నవాడికి ఇంకా ఒక జాము రాత్రి మిగిలి ఉండేదని, మంచం ముందు చేయించి దాని చుట్టూ తర్వాత గోడలు కట్టారని. ఇందులో గోడల మాట ఒక్కటే నిజం. ఆ మంచం ఏ తలుపులోంచీ బయటికి వచ్చేది కాదు.

చలికాలం ఆ మంచం మీద సాగినట్టు ఇంకెక్కడా సాగేది కాదు. అడుగున గడ్డి పరుపు, దాని మీద పాత చీరలన్నీ కలిపి నాయనమ్మ కుట్టిన బొంత, పైన గరుకు గొంగడి. ఒక పక్క నాయన ఒంటి నుంచి బెల్లపు పాకం వాసన, ఇంకో పక్క అమ్మ చేతుల నుంచి సజ్జ పిండి వాసన, ఆ నడుమ నేను పైకప్పు దూలాలు లెక్కపెడుతూ, ప్రతిసారీ తప్పుతూ, మొదటికొస్తూ నిద్రపోయేదాన్ని. మా వైపు రైతుల పండుగ ఎళ్ళమావాస్య నాడు చేను దగ్గర సజ్జ రొట్టెలూ, అన్ని కూరగాయలూ కలిపి వండిన బజ్జీ పొట్ట పగిలేట్టు తిని, ఎడ్లబండిలో నిద్రపోతూ ఇల్లు చేరితే, నన్ను దించి ఆ నడుమ చోట్లోనే పెట్టేవారు. లోకంలో నాదంటూ ఉన్నది ఆ జానెడు వెడల్పు చోటు. అది పోతుందని నేననుకోలేదు.

పోయింది, రెండుసార్లు పోయి తిరిగొచ్చింది కూడా. నా తర్వాత ఇద్దరు తమ్ముళ్ళు పుట్టారు. మొదటివాడు రాత్రి మంచం మీద, పగలు తొట్టెలలో పడుకునేవాడు. ఒక మధ్యాహ్నం తొట్టెలలోంచి మళ్ళీ లేవలేదు, అమ్మ అప్పుడు పొయ్యి దగ్గర ఉంది. ఇక తొట్టెల వద్దంటే వద్దని రెండోవాడిని పగలూ పక్కలోనే వేసుకుంది. వాడు నలభయ్యో రోజున, తెల్లవారేసరికి, అమ్మ పక్కనే చల్లబడి ఉన్నాడు. వాళ్ళు ఉన్నన్నాళ్ళూ నన్ను నాయనమ్మ చాప మీదికి పంపారు, వాళ్ళు పోయాక మళ్ళీ నడుమకు పిలిచారు. ఇప్పుడు చెప్పుకోకూడదు గానీ, తమ్ముడు పోతే నా చోటు తిరిగొస్తుందని నాకు తెలుసు.

రెండోవాడు పోయాక బావి దగ్గర ఒకామె అంది, "పక్కల ఏసుకొని పండుకుంటె ఏమైతది, నిద్రల ఒత్తిగిలి ఉంటది." అమ్మ ఆ మాట వింది. బిందె నింపుకుని, ఇంటికొచ్చి, దాన్ని దించడం మరిచి నెత్తి మీద పెట్టుకునే చాలాసేపు నిలబడింది.

మూడోవాడు పుట్టినప్పుడు నాయనమ్మ ఊరుకోలేదు. పుట్టి పుట్టి పోతున్న ఇంట్లో చేసేదే చేయించింది. పసివాడిని చాటలో వేసి పెంట మీద పెట్టారు. ఎదురింటి శరణమ్మ వచ్చి ఎత్తుకుంది. శరణమ్మది కర్ణాటక వైపు పుట్టిల్లు, తొమ్మిదిమందిని కని తొమ్మిదిమందినీ బతికించుకున్న మనిషి. అందుకే ఆమెకు అమ్మితే వీడూ బతుకుతాడని నమ్మకం. చాటెడు తవుడు తెచ్చి అమ్మ ఒడిలో పోసి, "యవ్వా, పిలగాన్ని కొన్న. ఇగ వీడు నావోడు. పాలు నీ దగ్గర ఉన్నయి గనక సాదుమని నీకే ఇస్తున్న" అంది. అందరూ చూశారు, నేనూ చూశాను. తవుడు ఆ పూటే మా బర్రెకు కుడితిలో కలిపారు. పెంట మీద దొరికాడని వాడికి పెంటయ్య అని పేరు పెట్టారు.

కాబట్టి నా లెక్క సూటిగా ఉంది. పిల్లవాడు శరణమ్మవాడు. తవుడు మా బర్రె తినేసింది. మరి వీడు మా ఇంట్లో, నా చోట్లో పడుకుని ఏం చేస్తున్నట్టు?

వాడు పుట్టాక మూడు నెలలు మా మంచం మంచంలా లేదు. నాయనమ్మ తొట్టెల కట్టమనేది. "తొట్టెల్నే పొయ్యిండు గద అత్తా పెద్దోడు" అనేది అమ్మ. "పక్కల గూడ పొయ్యిండు గద నడిపోడు" అనేది నాయనమ్మ. రెండూ నిజాలే కావడంతో ఆ పంచాయితీ అక్కడే ఆగేది. పసివాడిని నడుమ వేసుకుని, ఒకరు పడుకుంటే ఒకరు మేలుకోవాలని అమ్మా నాయనా మాట అనుకున్నారు. నాయన వంతు వచ్చినప్పుడు కూర్చునే గురక పెట్టేవాడు కనుక అమ్మే రెండు వంతులూ మేలుకునేది. నాయన తనను తాను నమ్మలేక నడుముకు తువ్వాల కట్టుకుని, దాని కొసను మంచం పట్టెకు ముడివేసుకుని, అటు తిరిగి పడుకునేవాడు. సంతలో కట్టేసిన దున్నలా ఉన్నాడని నేను నవ్వితే నాయనమ్మ నా నెత్తి మీద మొట్టింది. పగలు అమ్మ రొట్టెలు కొడుతూ పెనం మీదికి తూలేది.

ఒక చలికాలపు పొద్దు, కోడి కూశాక, నాయనమ్మ పేడ ఎత్తడానికి గంప పట్టుకుని పోయింది. రోడ్డు మీద మొదటి బస్సు కదులుతోంది. ముందురోజంతా లారీకి సరుకు ఎక్కించి వచ్చిన నాయన నోరు తెరుచుకుని పడుకున్నాడు. ఎప్పుడూ నిద్రపోని అమ్మ, ఆ పొద్దు పసివాడి మీద ఒక చెయ్యి వేసి, పడుకుని ఉంది. పెంటయ్య ఒక్కడే మేలుకుని దూలాల వైపు చూస్తున్నాడు, నా దూలాల వైపు.

అమ్మ చెయ్యి మెల్లగా పక్కకు జరిపి వాడిని ఎత్తుకున్నాను. నేను కప్పుకున్న గొంగడి కొంగులో చుట్టి గల్లీ దాటించాను. శరణమ్మ కొట్టంలో పాలు పిండుతోంది, ఇంటి తలుపు తెరిచే ఉంది. లోపల ఒకే బొంత కింద తొమ్మిది తలలు, సొరకాయలు పేర్చినట్టు వరుసగా. ఐదో తలకూ ఆరో తలకూ నడుమ కాస్త చోటు చేసి వాడిని పెట్టాను. ముఖం మీద బొంత పడకుండా జరిపాను కూడా. ఎవరిది వాళ్ళకు అప్పజెప్పిన పెద్దమనిషిలా ఇంటికొచ్చి, మంచమెక్కి, ఇంకా వెచ్చగా ఉన్న ఆ గుంటలో దూరాను. అల్లం వాసన, అమ్మ వాసన. క్షణంలో నిద్రపోయాను.

ఎంతసేపయ్యిందో తెలియదు. నిద్రలోనే అమ్మ చెయ్యి నా ముఖం మీదికి వచ్చింది. ముక్కు తడిమింది, చెవి తడిమింది, జడ దాకా వెళ్ళి ఆగింది. నేను కళ్ళు తెరిచేసరికి అమ్మ నన్నే చూస్తోంది.

నా జీవితంలో నేను దయ్యాల కథలు లెక్కలేనన్ని చెప్పాను. అన్నీ నేను పుట్టించినవే గనక వాటికి నేనెప్పుడూ బెదరలేదు. ఆ పొద్దు అమ్మ ముఖం చూసి బెదిరాను. అమ్మ అరవలేదు. నన్ను చంకల కింద పట్టుకుని లేపి, జల్లెడ పక్కన పెట్టినంత మెల్లగా పక్కన పెట్టింది. నేను పడుకున్న గుంటలోకి చూసింది. అంటే, నా కింద ఉన్నాడనుకుంది. అక్కడ లేకపోతే దిండు తీసింది, గొంగడి తీసింది, బొంత ఒక్కొక్క అంచే ఎత్తింది, ఏం కనబడుతుందో ముందే తెలిసినట్టు, ఈ పని ఇదివరకు ఎన్నోసార్లు మనసులో చేసి ఉన్నట్టు.

"మీ దిక్కు జూడున్రి" అంది నాయనతో. గొంతు చాలా చిన్నగా ఉంది.

నాయన ఉలిక్కిపడి లేచాడు. తువ్వాల లాగితే మళ్ళీ మంచం మీదే పడ్డాడు. మోకాళ్ళ మీద లేచి, తన కిందికి తనే చూసుకున్నాడు. తర్వాత ఆ ముడి పట్టుకుని అమ్మకు చూపించాడు. "నా దిక్కు లేడు. నేను కదల్లే. జూడు, ముడి గట్లనే ఉన్నది."

పేడగంపతో లోపలికొచ్చిన నాయనమ్మ ఆ పక్క బట్టలూ, వాళ్ళిద్దరి ముఖాలూ చూసింది. "ఎవరు ఒత్తిన్రు?" అంది. అంతే అడిగింది. వాళ్ళిద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు, జవాబు ఎదుటివాళ్ళ దగ్గర ఉన్నట్టు.

ఊరంతటికీ కథలు చెప్పే నాకు ఆ పూట నోరు పెగల్లేదు. అంతలో వాకిట్లో గాజుల చప్పుడు. శరణమ్మ, చంకలో పెంటయ్య.

"ఏంది యవ్వా, అమ్మిన సరుకు ఇంటికే తోలిచ్చినవ్" అంటూ వచ్చింది. "బొంత గుంజి పోరగాండ్లను లేపుతుంటె తొమ్మిదిమంది పదిమంది అయిన్రు. పదోడికి పండ్లు లేవు, రొట్టె ఎట్ల పెట్టాల్నా అని చూస్తున్న." అప్పుడు మా ముఖాలు చూసి నవ్వు ఆపేసింది.

అమ్మ వాడిని లాక్కుని, వాడి రొమ్ముకు చెవి ఆనించి వింది. తర్వాత నా వైపు తిరిగింది. "ఎందుకు ఎత్కపోయినవే?"

"మనోడు కాదు గద" అన్నాను. "తవుడు గూడ బర్రె తిన్నది."

నాయన నవ్వాడు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు. నాయనమ్మ నన్ను కొట్టడానికి చెయ్యెత్తి, ఆ చెయ్యి పేడచెయ్యని గుర్తొచ్చి ఆగింది. అమ్మ ఒక్కతే నవ్వలేదు.

"నా చేతి కిందికెల్లి తీస్కపోయింది అత్తా" అంది. "నాకు తెలువలే. నడిపోడప్పుడు గూడ గిట్లనే పండుకున్ననేమొ."

ప్రతి మాటకూ మాట చెప్పే నాయనమ్మ పేడచెయ్యి కడుక్కోవడానికి పోయింది. శరణమ్మే అమ్మ పక్కన కూర్చుంది.

"సూడు యవ్వా. నీ పిలగాడైతె నీకు ఫికర్. వీడు నావోడు గద, ఫికర్ నేను జేస్త. నా ఇంట్ల ఇంతవరకు ఎవ్వరు పోలే. మూడు నెలల సంది కన్ను మూయకుంటె నువ్వే పోతవ్. రోజు పగటీలి వీడు నా తాన పంటడు, నువ్వు ఈడ పండుకో."

నేను చేసిన వెర్రిపని అట్లా మా ఇంటి పద్ధతి అయింది. రోజూ పొయ్యి పని అయ్యాక నేనే పెంటయ్యను ఎత్తుకుపోయి శరణమ్మ ఇంట్లో దించేదాన్ని. ఆమె పెద్ద కూతురు కందులు విసురుతూ వాడి మీద కన్నేసి ఉంచేది. ఇక్కడ మా అమ్మ పట్టపగలు, నోరు తెరుచుకుని, ఒళ్ళెరగకుండా పడుకునేది. ఈగలు వాలకుండా నాయనమ్మ తాటాకు విసనకర్రతో పక్కన కూర్చునేది. కోడలు పగటి పూట పడుకుంటే ఊరంతా చెప్పుకునే రోజులవి. ఎవరైనా వాకిట్లోకి వస్తే నాయనమ్మ విసనకర్ర అడ్డం పెట్టి, "జర ఆగున్రి, కోడలు పండుకున్నది" అనేది.

పెంటయ్య బతికాడు. ఇప్పుడు ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో పని చేసి, బొజ్జ పెంచి, మనవరాలిని ఎత్తుకునే వయసుకొచ్చాడు. ఆ పిల్లకు వేరే గది, కటకటాల మంచం, కదిలితే పక్క గదిలో కూత పెట్టే ఒక డబ్బా. మా పట్టెమంచాన్ని రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఇంటితోపాటు కోసి తీశారు. శరణమ్మ ఇంటి చోట టైర్ల దుకాణం ఉంది. పిల్లలను తవుడుకు అమ్మేవాళ్ళూ లేరు, కొని, ఫికర్ తాము తీసుకునేవాళ్ళూ లేరు.

అమ్మ ఆ తర్వాత నలభై ఏళ్ళకు పైగా ఉంది. ఇంట్లో ఏ పసిబిడ్డను పక్కలో పడుకోబెట్టినా నన్ను వెతుక్కుంటూ వచ్చి ఒకటే అడిగేది. "నర్సీ, ఆ పొద్దు ఎత్తుకున్నప్పుడు ఏడ్చిండానె?"

"ఏడ్వలే అమ్మా. నవ్వుకుంట వచ్చిండు."

నేను చెప్పే ప్రతిదాంట్లో ముప్పాతిక తీసేసి వినే అమ్మ, ఈ ఒక్క మాటను ఎన్నిసార్లు చెప్పినా పూర్తిగా నమ్మేది. నమ్మి, పోయి పడుకునేది. పోయిన ఏడాది కంటే ముందటేడు ఆమె పోయింది గనక ఇప్పుడు రాయొచ్చు.

వాడు ఏడ్చాడు. నేను ఎత్తుకోగానే, అమ్మ చెవికి జానెడు దూరంలో, గుక్కపట్టి ఏడ్చాడు. నేను కదలకుండా నిలబడి చూశాను. అమ్మ లేస్తే వాడిని మళ్ళీ అక్కడే పెట్టేద్దామనుకున్నాను. లేవలేదు.