కనుమ మూసేలోపు నా లీవు

మంచుకొండల్లో సరిహద్దు పోస్టుకు చేరిన వారంలోనే మా ఆర్మీ కంపెనీ మొత్తంలో ఎవడూ కొట్టనంత మంచి బేరం కొట్టాను. అక్టోబరు. పదిహేను వేల అడుగుల ఎత్తు. సాయంత్రం ఐదుకే సున్నాకు కింద తొమ్మిది. నీళ్ల సీసాను స్లీపింగ్ బ్యాగులో పెట్టుకుని పడుకోవాలి, లేకపోతే తెల్లారేసరికి రాయి. నవంబరు చివర మంచు పడి కొండల మధ్య కనుమ దారి మూసుకుంటే మళ్లీ మే నెలలోనే తెరుచుకోవడం. మూసేలోపు ఆఖరి లీవు వంతు నాది. మే వంతు రేడియో ఆపరేటరుది. అతని చెల్లెలికి పెళ్లి కుదిరింది.

"మార్చుకుందాం భాయ్," అన్నాడు.

తిరుమలగిరిలో కిరాణా కొట్టు గల్లాపెట్టె పక్కన పెరిగినవాణ్ణి. ఊరికే ఇస్తానా? నా ఇరవై రోజులిచ్చి అతని నలభై తీసుకున్నాను. పైగా చలికాలమంతా నా తెల్లవారుజాము సెంట్రీ డ్యూటీ అతనికే అంటగట్టాను. బంకరంతా చప్పట్లు కొట్టింది. నేనూ కొట్టాను.

ఆ ఆదివారం శాటిలైట్ ఫోనులో నా వంతు ఐదు నిమిషాలు. మా ఆవిడ గుక్క తిప్పుకోకుండా చెప్పింది.

"పిల్లగాడు పిలిస్తె మర్లి సూస్తలేడని అంగన్‌వాడీ టీచరమ్మ అన్నది. రెండేండ్లు నిండినా ఒక్క మాట లేదు. వచ్చే నెల సూర్యాపేట దవాఖానల క్యాంపు ఉన్నదట, హైదరాబాదు డాక్టరమ్మ వస్తదట. మామ పోనిస్తలేడు. నువ్వొచ్చి తోల్కపో."

ఫోను మా బాపుకు ఇమ్మన్నాను.

"గాడ సూపిస్తె పిల్లగానికి ఏదో రోగం పేరు వెడ్తరు బిడ్డా. నీకూ మూడేండ్లకే మాటలొచ్చినయ్. ఇప్పుడు నీ నోరు మూతవడుతదా? మన కొట్లనే వసకొమ్ము ఉన్నది. రోజు తేనెల అరగదీసి నాకిస్తున్న."

పిల్లలకు వస నాకిస్తే మాటలొస్తాయని తాతల నాటి నుంచి అమ్ముతున్నాం. అమ్మేవాడికి తన సరుకు మీద నమ్మకం ఉండకూడదు. బాపుకు ఉంది. నాకూ ఉంది.

మా పోస్టులో నర్సింగ్ అసిస్టెంటుది కోదాడ. స్టవ్ దగ్గర చేతులు కాచుకుంటూ అంతా విన్నాడు.

"బాబు వేలు పెట్టి చూపిస్తాడా అన్నా? అదిగో కాకి, ఇదిగో బండి అని?"

"షాపోళ్ల పిల్లగాడు. సూపించుడెందుకు, ఆడే తీస్కుంటడు."

"నవ్వులాట కాదన్నా. మా అక్క కొడుకూ ఇట్టాగే. ఆ బేరం వెనక్కి తీసుకో. ముందు నువ్వెళ్లు."

బేరం వెనక్కి తీసుకోవడం మా ఇంటా వంటా లేదు. మేలో నలభై రోజులున్నాయి, నిమ్మళంగా చూపిద్దామనుకున్నాను. ఆపరేటరు వెళ్లి వచ్చాడు. కనుమ మూసుకుంది. సూర్యాపేటలో క్యాంపు జరిగింది. మావాడు వెళ్లలేదు.

మే. ట్రక్కు, రైలు, సూర్యాపేట బస్టాండు, తిరుమలగిరి బస్సు. నలభై మూడు డిగ్రీలు. కొట్లో బియ్యం బస్తాల మధ్య వాడు పాత త్రాసు పళ్లేన్ని గిరగిరా తిప్పుతున్నాడు. పేరు పెట్టి పిలిచాను. పెరేడ్ గొంతుతో మళ్లీ పిలిచాను. రోడ్డవతల ఆటోవాడు తిరిగి చూశాడు. వాడు చూడలేదు.

క్యాంపు మళ్లీ ఎప్పుడని సూర్యాపేటలో అడిగితే, డాక్టరమ్మ వచ్చినప్పుడన్నారు. మిర్యాలగూడలో మగపిల్లలకు మాటలు ఆలస్యమేనని టానిక్కు రాశారు. కోదాడకు వారానికోసారి మాటలు నేర్పే ఆమె వస్తుందని విని వెళ్లాం, రావడం మానేసిందట. లీవు ఎక్కువ భాగం బస్సుల్లోనే కరిగింది. చివరికి హైదరాబాదు.

"ఆటిజం," అన్నది డాక్టరు. "ఇది మందుతో పోయేది కాదు. కానీ అడగడం, చూపించడం నేర్పొచ్చు. ఎంత చిన్నప్పుడు మొదలుపెడితే అంత మేలు."

ఇదంతా జరిగి ఏళ్లయింది, ఇప్పుడు ఒంటి మీద యూనిఫాం లేదు. మంచు మర్చిపోయాను. ఆ మేలో ఇంటికొచ్చిన మొదటి సాయంత్రం మాత్రం మర్చిపోలేదు. వాడు నా దగ్గరికొచ్చాడు. మొహం చూడలేదు. నా మణికట్టు పట్టుకుని, చేతిని ఓ పనిముట్టులా తీసుకెళ్లి బిస్కెట్ డబ్బా మూత మీద పెట్టాడు. తీశాను. చెయ్యి వదిలేశాడు.

"చలికాలమంతా నా చెయ్యి గిట్లనే పట్టుకుంటుండె," అన్నది మా ఆవిడ. "ఫోన్ల చెప్తనే ఉన్న."

కాబట్టి తప్పుల లెక్క ఇది. ఒక్క రోజు క్యాంపు పెట్టి మళ్లీ రాకపోవడం సర్కారుది. పోనివ్వకపోవడం బాపుది. రాగలిగీ రాకపోవడం నాది. మా ఆవిడ పేరున ఏమీ లేదు. పోయిన నెలల బాకీ కట్టింది మాత్రం వాడొక్కడే.