కామర్సు భవనం కట్టించిన శెట్టిగారిని చూసి వచ్చాను

మా రెండోవాడు యూనివర్సిటీలో కామర్సు ప్యాసయ్యాడు. వాడు చదివిన భవనం కట్టించినది నంద్యాల పత్తి వ్యాపారి, ఒక శెట్టిగారు. ఆయనకు ఒంట్లో బాగాలేదని ఈమధ్య తెలిసింది. కళ్లారా చూసి, మేలు చేశారని ఒక్క మాట చెప్పి రావాలనిపించింది. కొత్తవాళ్ల ముందు నాకు నోరు రాదు. అయినా బయలుదేరాను.

ఆళ్లగడ్డలో పొద్దున ఏడింటికి కర్నూలు బస్సు. కర్నూలు రాజధాని అయినప్పటి నుంచి ఈ బస్సు ఎప్పుడూ కిటకిటే, ముందుగా వెళ్తేనే సీటు. నంద్యాలకు టికెట్టు ముప్పావలా. శిరివెళ్ల దాటాక ఒకటే దుమ్ము, రెండు పక్కలా పత్తి చేలు. తొమ్మిది లోపే దిగి జట్కా ఎక్కాను.

"శెట్టిగారింటికా? పిల్లోని కాలేజీ సీటు కోసమా అప్పా?" అన్నాడు జట్కా అతను.

"కాదు. ఊరికే."

"ఊరికే ఎవురు పోతారప్పా ఆయనింటికి!" అని నవ్వి గుర్రాన్ని అదిలించాడు.

శెట్టిగారు అరుగు మీద మంచంలో కూర్చుని ఉన్నారు. కోడలు మజ్జిగ ఇచ్చింది. "ఏం పనప్పా?" అని ఆయన అడిగితే, "మావాడు... మీ భవనంలో..." అని ఆగిపోయాను. ఆయనే అందుకున్నారు.

"మొదట్లో ఆడ రేకుల షెడ్డే. వాన పడితే పాఠం బందు. నా గోడౌను అమ్మి గదులు కట్టించినా. ఇంట్లో అందరూ తిట్టిరి. పత్తి మండీలో బేరం ఎట్ల జేస్తారు? చేతుల మీద తువ్వాలు కప్పి, లోపల వేళ్లు పట్టుకుని. ఎన్ని వేళ్లు పడితే అంత ధర. ధర నాకు తెలుస్తాది, కొనేటోనికి తెలుస్తాది. పండించినోడు పక్కన నిలబడి తువ్వాలు చూస్తాంటాడు. అట్లనే సంపాదిస్తి. వాళ్ల పిల్లోళ్లకన్నా లెక్క తెలవల్లనుకుంటి."

నేనూ అలా తువ్వాలు చూస్తూ నిలబడినవాణ్నే. "మీరు... మావాడికి..." అని మళ్లీ మొదలుపెట్టాను. చూసి చూసి ఆయన తన తువ్వాలు మా ఇద్దరి చేతుల మీద కప్పారు. "నోటితో రాకుంటే ఇట్ల జెప్పు."

లోపల ఆయన ఐదు వేళ్లూ కలిపి పట్టుకున్నాను. వదల్లేదు.

"చాలప్పా," అన్నారు. "ఇంత ధర నాకెవురూ కట్టలా."

ఆయన సంపాదనలో మా పత్తి కూడా ఉండొచ్చు. తిరుగు బస్సులో ఆ సంగతి ఆలోచించాను. కోపం రాలేదు. ఆయన దాచుకుంటే దాచుకోగలిగేవారు. అది మావాడికి చదువై మా ఇంటికి చేరింది. నాకంతే చాలు. ఆయన్ను చూడాలనుకునేవారు పది లోపే వెళ్లండి, తర్వాత నిద్రపోతారు. మాటలు తయారు చేసుకుని వెళ్లనక్కర్లేదు.