మరియకు వచ్చిన ముఖం

మొన్న దామరచర్ల దాటుతుంటే వాన పట్టుకుంది. బస్సు కిటికీలోంచి చూస్తే, కరెంటు ప్లాంటు పనికి ఏ రాష్ట్రం నుంచో వచ్చిన కూలీలు నీలం ప్లాస్టిక్ పట్టాల కింద, పొయ్యి ఆరిపోకుండా చేతులు అడ్డం పెట్టుకుని కూర్చున్నారు. వాళ్లను చూశాక, మిర్యాలగూడలో నేను కొత్తగా డ్రాయింగు మాస్టరుగా చేరిన ఏడు గుర్తొచ్చింది.

ఆ ఏడు మూసీ పొంగి గుడిసెలు కొట్టుకుపోతే, నాలుగైదు కుటుంబాలు పిల్లాజెల్లలతో మా చర్చి వరండాలోకి వచ్చాయి. సంఘంలో వాక్యం చెప్పే మా పెద్దమ్మ ఎవరినీ అడగకుండానే తలుపు తీసి, ఇల్లిల్లూ తిరిగి బియ్యం, పాత చీరలు పోగుచేసింది. వాళ్లది ఏ మతమో అడగాలని ఆమెకు తోచనేలేదు. క్రిస్మసు దగ్గరపడేసరికి సంఘపెద్దలు, రాజు చంపిస్తాడని బాలయేసుతో ఐగుప్తు దేశానికి పారిపోతున్న మరియ యోసేపుల బొమ్మ చర్చి లోపలి గోడమీద వేయమని నాకు చెప్పారు, వరండా ఖాళీ చేయమని ఆ కుటుంబాలకు చెప్పారు.

వరదలో మగణ్ణి పోగొట్టుకుని, చంటిదాన్ని చెంగులో చుట్టుకుని స్తంభానికి ఆనుకుని కూర్చునే తల్లి ఒకామె ఉండేది. నా మరియకు ఆ ముఖమే వచ్చింది, ఆ నలుపుతో, ఆ చిరిగిన చీరతో సహా. ఆమె వచ్చి బొమ్మను చాలాసేపు చూసి ఒక్కటే మాటంది: "బిడ్డ కాళ్లు బయటికున్నయి సారూ, జర కప్పుండ్రి, సలి పెడతది." కప్పాను.

పెద్దలకు ఒళ్లు మండింది. వాళ్లలో ఒకడైన మా మేనమామ, దానిమీద సున్నం కొట్టకపోతే సంఘం బడిలో నా కొలువు ఉండదన్నాడు. కొట్టనన్నాను. పెద్దమ్మ వచ్చి చర్చి గడపమీద కూర్చుంది.

"బొమ్మ తుడిసేటోళ్లు ముందు బైబిల్ల ఆ మాట తుడువుండ్రి. పరాయి దేశంల తలదాసుకున్నోడే గద మన దేవుడు. వీళ్లను ఎల్లగొట్టి ఇగ ఎవలికి ఆరాధన చేస్తరు?" అంది, గొంతు పెంచకుండా.

ఆమెను దాటి లోపలికి ఎవరూ పోలేకపోయారు. మళ్లీ గుడిసెలు వేసుకునేదాకా ఆ కుటుంబాలు అక్కడే ఉన్నాయి. క్రిస్మసు భోజనం వాళ్ల పంక్తిలోనే తిన్నాం. నా కొలువు మాత్రం పోయింది. కోదాడ వెళ్లి దుకాణాలకు బోర్డులు రాసుకుని బతికాను, ఒక్కపూటా చింతించలేదు.

మమ్మల్ని తిట్టిన ఆ కాలపు పెద్దలు తిడుతూనే ఆ వరండాకు బియ్యం పంపేవారు. ఇప్పుడు ఎవరూ తిట్టరు, ఎవరూ పంపరు, గేటు వేసుకుంటారు. నాకు దిగులల్లా అదే. ఈమధ్య సూర్యాపేటలో ఒక కొత్త చర్చివాళ్లు బొమ్మ వేయమని పిలిచి, మరియ తెల్లగా, పట్టుబట్టల్లో ఉండాలన్నారు. అలాంటి మరియను నేనెన్నడూ చూడలేదని చెప్పి, కుంచెలు సంచిలో వేసుకుని వచ్చేశాను.