గులాబీ రంగు గోధుమలు

నా చిన్నప్పుడు, గుమ్మఘట్ట దగ్గర మా నల్లరేగడి చేలో వరుసగా రెండేళ్ళు గోధుమ మొలక కుళ్ళిపోయింది. మూడో ఏడు బావి కూడా అడుగంటింది. ఇంట్లో ఒక్క విత్తుకు సరిపడా గింజలే మిగిలాయి. అవీ పోతే వలస తప్పదని పెద్దవాళ్ళు గొంతు తగ్గించి మాట్లాడుకునేవారు.

మా నాయన బస్తీ నుంచి మందుపొడి తెచ్చి సగం గింజలకు పట్టించాడు. అవి గులాబీ రంగుకు తిరిగాయి. మిగతా సగం మా అవ్వ ముట్టుకోనివ్వలేదు. "ఆ వాసన చూస్తే నాకు భయమైతాంది రా" అంది.

మరునాడు పొద్దున్నే పక్క చేని మామ పరుగున వచ్చాడు. ఆయన అదే మందు పట్టించి ముందురోజే విత్తాడు. "అన్నా, చేలో యాడ చూసినా పావురాలు సచ్చి పడిండాయి" అన్నాడు. నాయనా అవ్వా ఆయన వెంట వెళ్ళారు.

పావురాలకూ మా గింజలకూ సంబంధం ఉంటుందని నాకు తోచలేదు. ఆకలిగా ఉంది. వేయించుకుందామని గుప్పెడు గులాబీ గింజలు పళ్ళెంలో పోసి, పుల్లల కోసం పెరట్లోకి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి మా ఎర్రకోడి పళ్ళెం ఖాళీ చేసింది. కాసేపటికి దాని మెడ వాలిపోయింది.

అవ్వ వచ్చి కోడిని, పళ్ళేన్ని, నన్ను చూసింది. "నువ్వు తిన్న్యావా? చెప్పే!" అంటూ నా నోరు తెరిచి చూసింది. లేదని తలూపాను. కుండలో నీళ్ళు ముంచి నా చేతులు రెండుసార్లు కడిగింది.

నాయన ఆ గులాబీ గింజలన్నిటినీ, కోడినీ బీడు నేలలో లోతుగా పాతిపెట్టాడు. అవ్వ మిగిలిన విత్తనాన్ని గోనెపట్టా మీద పోసి, ఆవుపేడ, ఆవు పంచితం, కాస్త సున్నం, కానుగచెట్టు కింది మన్ను కలిపిన నీళ్ళు చల్లింది. నా చేయి పట్టి అందులో పెట్టింది.

"బయపడాకు. చేత్తోనే కలుపు. నోట్లోకి పోతే సంపేది, గింజను బతికిస్తాదంటే నేను నమ్మను."

నీడన ఆరబెట్టి విత్తాము. రోజూ వెళ్ళి మన్ను గీకి చూసేదాన్ని. మొలకల వేళ్ళు కుళ్ళకుండా తెల్లగానే ఉన్నాయి. పండింది సగం చేనే, అయినా ఆ ఏడు మేము ఊరు వదల్లేదు. మామ చేనూ పచ్చగానే మొలిచింది. కానీ ఆ చలికాలమంతా దాని మీద ఒక్క పిట్ట వాలలేదు.

ఇప్పుడు నేనే ఒక అవ్వనయ్యాను. విత్తనానికి ఎవరు ఏ మందు తెచ్చినా, పంట ఎంతొస్తుందని ముందు అడగను. అది కలిపిన చేత్తో బిడ్డకు ముద్ద పెట్టగలవా అని అడుగుతాను.