కుర్చీ మాటకు రెండు గీతల జవాబు

మా వదిన ఆ మాట అన్నది కుప్పంలో, వాళ్ళ కొత్త ఇంటి గృహప్రవేశం రోజున. వదిన అంటే మా ఆయనకు అక్క. ఆడవాళ్ళంతా అరటికాయలు కోస్తూ, విస్తళ్ళు తుడుస్తూ ఉంటే నేను వరండాలో నీలం రంగు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాను. లేవాలనే ఉంది. కాళ్ళు ఇసుక నింపిన సంచుల్లా ఉన్నాయి. నీళ్ళ బిందె చంకన పెట్టుకుని పోతున్న వదిన నా ముందర ఆగి, వరండా అంతా వినేటట్లు అంది:

"కుర్చీకే కాళ్ళొచ్చి నడిస్తే తప్ప మా తమ్ముని పెండ్లాం ఈడినుంచి కదల్దు సూడండి!"

అందరూ నవ్వారు. ఎవరెవరు నవ్వారో నాకిప్పటికీ వరుస తప్పకుండా గుర్తు. శాంతిపురం నుంచి వచ్చిన ఇద్దరు పళ్ళన్నీ కనపడేటట్లు నవ్వారు. మా ఆయన కూడా నవ్వాడు, కాకపోతే మీసాల కింద.

ఆ మాటను నాలుగేళ్ళు మోశాను. నేను పుంగనూరులో ఇంట్లోనే జాకెట్లు కుడతాను. పాతికేళ్ళుగా మిషన్ తొక్కిన మనిషిని. అలాంటిది పొద్దున రెండు జాకెట్లు కుట్టేసరికి నిద్ర ముంచుకొచ్చేది. జుట్టు దువ్వెనలో కుచ్చులుగా వచ్చేది. ఎండాకాలంలో కూడా పాదాలు చల్లగా ఉండేవి. తినేది తగ్గించినా నా జాకెట్లు నేనే ఏడాదికోసారి వదులు చేసుకోవాల్సి వచ్చేది. ఒక డాక్టరు దగ్గరికి పోతే తల ఎత్తకుండానే "ఈ వయసులో ఇట్లే ఉంటుందమ్మా, పొద్దున్నే నడవండి" అన్నాడు. ఆయన చేతిలోని పెన్ను రంగు కూడా నాకు గుర్తుంది.

మా కూతురు ఇక్కడే ఒక బడిలో పాఠాలు చెబుతుంది. "ఇది థైరాయిడేమో, రక్తపరీక్ష చేయించుకో" అని ఒకటే పోరు. సరే అని మదనపల్లెకు బస్సెక్కాను. అక్కడ ల్యాబు కిటికీ దగ్గర కూర్చున్న అమ్మాయి నన్ను చూసి, "అవ్వా, కొంచెం జరుగు" అంది. అప్పటికి నాకు నలభై ఏడు. మనవళ్ళు లేరు, పైపెచ్చు ఆ పూట జడలో కనకాంబరాలు పెట్టుకుని పోయాను. రక్తం ఇవ్వకుండానే బయటికొచ్చి తిరుగు బస్సెక్కాను. ఇక ఆ గడప తొక్కనని ఆ బస్సులోనే ఒట్టు పెట్టుకున్నాను.

"ఒట్టు తీసి గట్టున పెట్టుమా," అంది కూతురు.

"పెట్టను. ఇంట్లో చూసుకునే దారుంటే చెప్పు."

నిజం చెప్పాలంటే నాకు మందుల కంటే ముందు ఒక సంగతి తేలాలి. నాది జబ్బా, సోమరితనమా? జబ్బయితే కుప్పం పోయి ఆ వరండాలోనే నిలబడి చెప్పాలి. సోమరితనమే అయితే వదిన గెలిచినట్లు. ఆ ఊహకే నాకు అన్నం సయించేది కాదు.

కూతురు ఎవరినో అడిగి ఒక పాత పద్ధతి కనుక్కొచ్చింది. పొద్దున మెలకువ రాగానే థర్మామీటరు చంకలో పెట్టుకుని పది నిమిషాలు పడుకోవాలట. రోజూ వేడి తక్కువగా వస్తుంటే థైరాయిడ్ మందకొడిగా పని చేస్తున్నదేమోనని అనుమానించవచ్చట. "దీన్ని డాక్టర్లు లెక్కలోకి తీసుకోరు, ఊరికే సూస్కోడానికే" అని ముందే చెప్పింది. నేను ఆ సగం వినలేదు.

మార్గశిర మాసం. తొమ్మిది రోజులు చూశాను. తొమ్మిది రోజులూ తక్కువే. నా సంతోషం ఇంతా అంతా కాదు. అంకెలన్నీ క్యాలెండరు మీద రాసి, వంటింట్లో పాట పాడుకున్నాను. పదో రోజు కూతురు పెందలాడే లేచి నన్ను చూసింది. కసువు ఊడ్చి, బిందెడు చన్నీళ్ళు వాకిట్లో కల్లాపి చల్లి, ముగ్గేసి, చలికి వణుకుతూ లోపలికొచ్చి, తడి చేతులతో థర్మామీటరు చంకలో పెట్టుకుంటున్నాను.

"అమ్మా! మంచం దిగకముందు పెట్టుకోమంటి కదా!"

"వాకిలి చల్లకుండా పడుకోనుంటే ఇల్లెట్లుంటాది? తెల్లారేది మన వాకిట్లోనే కదా."

"ఆ చన్నీళ్ళు చల్లొస్తే ఎద్దుకైనా వేడి తగ్గుతాది!"

మా ఆయన దుప్పట్లోంచే నవ్వాడు. ఈసారి మీసాల కింద కాదు. అందుకని శిక్ష కూడా ఆయనకే పడింది. మరుసటి రోజు నుంచి నేను మంచం మీద థర్మామీటరుతో పడుకుంటే, టమోటా మార్కెట్టుకు పోయే మనిషి పోకముందు వాకిలి చల్లి ముగ్గేయాలి. ముగ్గు వేయకుండా వదిలేయడం మా ముగ్గురికీ తోచనే లేదు. ఆయన లుంగీ ఎగ్గట్టి, చుక్కలు పెట్టి, వాటిని కలపడం రాక చుట్టూ ఒక గీత గీసేశాడు. ఎదురింటామె గొంతు మంచం మీదున్న నాకే వినపడింది.

"ఏమప్పా, ముగ్గా ఇది? సంగటి కెలికినట్లుండాదే!"

"మా ఇంటామెకు టెస్టు జరగతాండాదమ్మా."

"టెస్టు ఆమెకా, నీకా?"

పది నిమిషాలు కదలకూడదన్న నియమం ఆ రోజు దక్కలేదు. నవ్వుకు థర్మామీటరు జారి పరుపులో పడింది.

కానీ ఆ తర్వాత నాలుగు రోజులు సరిగ్గా చూస్తే వేడి మామూలుగానే వచ్చింది. క్యాలెండరు మీది అంకెలు వెక్కిరించాయి. వదిన గొంతు చెవిలో మళ్ళీ మోగింది. ఆ నాలుగు రోజులూ కోపంతో పెందలాడే మిషన్ ఎక్కి, మూడో జాకెట్టు దగ్గర తల వాల్చి నిద్రపోయాను. లేచేసరికి చెంప మీద కుట్టు అచ్చు పడింది.

కూతురికి జాలేసింది. ఫోనులో వెతికి ఒక పెట్టె తెప్పించింది. వేలు గుచ్చి ఒక్క రక్తపు బొట్టుతో చూసేది. లోపల ఇద్దరికి సరిపడా రెండు తెల్లటి పట్టీలు, ఒక చిన్న మందు సీసా, నాలుగు గుచ్చే సూదులు ఉన్నాయి. ఒక గీత వస్తే మామూలు. రెండు వస్తే థైరాయిడ్ మందగించినట్లు అనుమానం, డాక్టరు దగ్గరికి పోవాలి. కాగితం మీద అంతే ఉంది. నేను మూడుసార్లు చదివాను.

ఆదివారం తలంటుకుని కూర్చున్నాను. ఎడమచేతి చూపుడు వేలు చాచాను. బట్ట పట్టేది, అదిమేది, మిషన్ సూది ఎన్నోసార్లు దిగింది ఆ వేలిలోనే కదా, దానికి అలవాటేనని నా ధైర్యం. కూతురు టక్కుమని గుచ్చింది. ఏమీ రాలేదు. ఇంకో సూదితో నేనే గుచ్చుకున్నాను. మళ్ళీ లేదు. పాతికేళ్ళ కుట్టుపనికి ఆ వేలి కొన కాయ కాచి చెప్పు అట్టలా అయిపోయింది.

"రక్తం లేదేమో ఈమెలో, అంతా కోపమే," అన్నాడు మా ఆయన.

"ఉండాది. నీకు సూపిస్తా ఉండు."

రెండు సూదులు దండగ. రెండే మిగిలాయి. వాటిని కూతురి చేతికిచ్చేశాను. మాటలు పడేటప్పుడు నేను భయపడను. తేలకుండా పోతుందేమోనని భయపడ్డాను. కూతురు నా చేతులు రెండూ తిప్పి తిప్పి చూసి, ఏ గుడ్డా అదమని కుడి చేతి ఉంగరం వేలు పట్టుకుంది. వేడినీళ్ళలో ముంచి, చేతిని కిందికి వేలాడదీయించి, కొనకు కాకుండా పక్కన గుచ్చింది. గోరింటాకు చుక్కంత ఎర్రటి బొట్టు పైకి వచ్చింది. పట్టీ మీద పెట్టాము, మందు చుక్కలు వేశాము.

పది నిమిషాలు ఆగాలట. పాలు పొంగిన చప్పుడైనా ఎవరూ లేవలేదు. మొదటి గీత వెంటనే వచ్చింది. అది ఎవరికైనా వస్తుందట. తర్వాత చాలాసేపు ఖాళీ. ఆ ఖాళీలో నాకు వదిన బిందె కనపడింది. అప్పుడు పల్చగా, ఉతికిన చీర అంచులాగా, ఇంకో గీత.

"రెండు!" అని అరిచాను. ఇల్లు అదిరిందట. మా ఆయన పట్టీ చూసి బిత్తరపోయి, "రెండు గీతలంటే... ఈ వయసులోనా?" అన్నాడు. కూతురు నవ్వలేక గోడ పట్టుకుంది. జబ్బు ఉండొచ్చని తెలిసి అంత సంతోషపడిన మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు. పొంగిపోగా మిగిలిన పాలతోనే పాయసం చేశాను.

"ఇది అనుమానమే మా. ల్యాబులో తేలాల," అంది కూతురు. ఒట్టు సంగతి గుర్తు చేయకుండా ఊరుకుంది. నేనే చీర మార్చుకున్నాను. మదనపల్లెలో అదే కిటికీ, అదే అమ్మాయి. నేను కనకాంబరాలు పెట్టుకుపోలేదు, కావాలనే. ఆమె నన్ను గుర్తుపట్టలేదు. "అక్కా, ఈడ కూర్చోండి" అంది. కూర్చున్నాను. ఆ అక్కా అన్నదాన్ని లెక్కలో రాసుకున్నాను, కానీ అవ్వా అన్నదాన్ని కొట్టేయలేదు. సాయంత్రానికి రిపోర్టు వచ్చింది. థైరాయిడే. వేరే డాక్టరు, ఆమె తల ఎత్తి, నా గొంతు తడిమి చూసి, పొద్దున పరగడుపున వేసుకోమని చిన్న మాత్ర రాసింది. "ఇన్నాళ్ళూ ఎట్లా పని చేశావమ్మా?" అని కూడా అడిగింది. ఆ ప్రశ్న కోసం నేను నాలుగేళ్ళు ఎదురుచూశాను. కొంగుతో కళ్ళు తుడుచుకున్నాను.

నెల మాత్రలు మింగి, నిద్ర కొంచెం విడిచాక, పలమనేరు మీదుగా కుప్పం పోయాను. సంచిలో రిపోర్టు, రెండు గీతల పట్టీ, పెట్టెలో మిగిలిన రెండో పట్టీ, సూది, మందు సీసా ఉన్నాయి. వరండాలో అదే నీలం కుర్చీ. వదినకు రిపోర్టు ఇచ్చి, కుర్చీ మాట మొత్తం, బిందెతో సహా చెప్పాను.

వదిన కళ్ళు పెద్దవి చేసింది. "నేనా? అట్లన్నానా? ఎందుకన్నానే?"

ఆమెకు గుర్తే లేదు! నాలుగేళ్ళు నేను మోసింది ఆమె ఎప్పుడో దించేసి పోయింది. నా కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడిపోయాను.

వదిన అంతలోనే నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "నాకు అది గుర్తు లేదు గానీ మే, ఇంకోటి గుర్తుండాది. నువ్వు కుట్టిన నా పట్టు జాకెట్టు చేతులు పట్టకపోతే, వీకోట బస్సులో అందరి ముందరా ఏమంటివి? బట్ట తప్పు కాదొదినా, చేతులే బస్తాలయినాయి అంటివి. ఆ జాకెట్టు మళ్ళా తొడగలేదు నేను."

నాకు అదేమాత్రం గుర్తు లేదు. కానీ మాట తీరు నాదే. కాదనలేకపోయాను.

"బస్తాలన్నానా?"

"బియ్యం బస్తాలన్నావు."

ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం. ముందు ఎవరు నవ్వారో తేల్చడానికి సాక్షులు లేరు. నేను మాత్రం వదినే అంటాను.

"అయితే నా చేతులు కూడా థైరాయిడేమో సూడు," అని వేలు చాచింది. ఆఖరి సూదితో గుచ్చాను. మొదటి దెబ్బకే బొట్టు. పది నిమిషాలు చూశాం, ఇంకో అయిదు చూశాం. ఒక్క గీతే.

"అంటే నాది ఒట్టి తిండేనా?" అంది వదిన, దిగులుగా.

నేను ఏమీ అనలేదు. అనకుండా ఉండడం నాకెంత కష్టమో మా ఇంట్లో అందరికీ తెలుసు.

వదిన నీలం కుర్చీని నీడలోకి లాగి, కొంగుతో దులిపింది. "కూర్చోమే. ఎవురేమంటారో నేనూ సూస్తా." బెట్టుగా కాసేపు నిలబడి, తర్వాత కూర్చున్నాను. పట్టు జాకెట్టు తెమ్మన్నాను. ఆ కుర్చీలోనే కూర్చుని చేతుల కుట్లు విప్పి, లోపల మడిచిన బట్ట వదిలాను. అరంగుళం చాలు. అంగుళం వదిలాను. ఎందుకని వదిన అడగలేదు.